పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు: టీజీ పాలిసెట్ కౌన్సెలింగ్ విధానం

పదో తరగతి కాగానే ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ మూడేళ్ల డిప్లొమా ఉంది. అందరూ డీసీఎంఈ అంటారు. తెలంగాణలో దీనికి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంజినీరింగ్ ర్యాంకుకు లెక్కలోకి వచ్చేవి 120 మార్కులు: గణితం 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. అర్హతకు 36 రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం లేదు. బయాలజీ కూడా రాసినవాళ్లకు రెండు ర్యాంకులుంటాయి. ఇక్కడ పనికొచ్చేది ఎంపీసీ (గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ) ర్యాంకే.

మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా సీటు పోగొట్టుకునేవాళ్లు దెబ్బతినేది సర్టిఫికెట్ల దగ్గర, లేదంటే ఆప్షన్ల (కాలేజీ, బ్రాంచి ఎంపికల) దగ్గర.

ముందు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి ప్రాసెసింగ్ ఫీజు కట్టి, సర్టిఫికెట్లు పరిశీలించే హెల్ప్‌లైన్ సెంటర్‌కు స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇటీవలి ఏళ్లలో ఈ ఫీజు 600 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 300. మొబైల్ నంబరు ఇంట్లోవాళ్లదే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్లది ఇస్తే లాగిన్ ఐడీ, ఓటీపీ వాళ్ల ఫోన్‌కే పోతాయి. రాత్రి పది గంటలకు ఆప్షన్ మార్చాలనిపిస్తే ఆ షట్టర్ ముందు నిలబడాల్సిందే.

వెరిఫికేషన్‌కు ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, పదో తరగతి మెమో, ఆధార్, టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులూ పట్టుకెళ్లాలి. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి స్టడీ సర్టిఫికెట్లే. స్థానికత తేలేది వీటితోనే కాబట్టి ఏడేళ్లలో ఒక్క ఏడాది లేకపోయినా మళ్లీ ఆ బడికి పరుగెత్తాలి. వేసవి సెలవుల్లో అక్కడ సంతకం పెట్టే హెడ్‌మాస్టర్ దొరకరు. అందుకే బడి మారినవాళ్లు ఏప్రిల్‌లోనే తెచ్చిపెట్టుకోవడం మేలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవ నుంచి తీసుకోవాలి. ఆదాయ పత్రం పాతదైతే సీటు పోదు గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ చిక్కుల్లో పడుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రం మాత్రం ఆ ఏడాదిదే ఉండాలి.

ఇక ఆప్షన్లు. పోర్టల్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు, కేటగిరీకి అందిన మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కిందివి ఇక చూడదు. 'వస్తుందో రాదో' అని దగ్గరి ప్రైవేటు కాలేజీని పైన పెట్టి, రామంతాపూర్ జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను కింద పెడితే, ర్యాంకు సరిపోయినా ప్రైవేటు సీటే చేతికొస్తుంది. నిజంగా కావాల్సింది పైన రాయండి. దానివల్ల కింది అవకాశాలు తగ్గవు. అయిదారు ఆప్షన్లతో సరిపెట్టకండి, గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక చూసి ముప్పై దాకా పెట్టండి. ముందు తెల్లకాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రాసుకుంటే తప్పులు తక్కువ. సేవ్ చేసి, ఫ్రీజ్ చేసి (ఖరారు చేసి), ప్రింట్ తీసుకోండి.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు మనమే నమోదు చేయడం) చేయాలి. లేకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది పోయినట్టే, వెనక్కి రాదు. కాబట్టి ఆ విడతలో ఇప్పుడున్న దానికంటే మెరుగనిపించిన కాలేజీలు మాత్రమే పెట్టండి.