కొత్త ఇంటి వైరింగ్‌లో చూసుకోవలసినవి
గోడలకు ప్లాస్టరింగ్ చేయకముందే వైరింగ్ పైపులు వెళ్లిన దారులన్నిటినీ ఫోటోలు తీసి దాచుకుంటే, తరువాత మేకు కొట్టేటప్పుడు వైరు ఎక్కడుందో తెలుస్తుంది. లైట్లకు 1.5, గీజర్‌కు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం మంచిది. అతుకులు పైపులోపల ఎన్నడూ ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను తనంతట తానే ఆపేసే స్విచ్. లోడు ఎక్కువైనప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ఎంసీబీ అనే ట్రిప్ స్విచ్ వైరును కాపాడుతుంది గాని, షాక్ తగిలిన మనిషి శరీరం గుండా పోయే కొద్దిపాటి కరెంటును అది గుర్తించలేదు; 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం, ఫేజు వైరులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ వైరులో తిరిగి రాకపోతే, క్షణంలో సరఫరాను ఆపేస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే అలంకరణ దీపాలను తగ్గించుకోండి, దీనిని మాత్రం మానుకోకండి. గృహప్రవేశానికి ముందే దాని టెస్ట్ బటన్ నొక్కి చూసి, ప్రతి ప్లగ్గుకూ ఎర్త్ అందుతోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీ ఎదుటే పరీక్ష చేయించండి.