ఐషమ్ జోన్స్ రికార్డులు ఎక్కణ్నుంచి వినాలి?

1920లలో అమెరికాలో డాన్సు బ్యాండు నడిపిన ఐషమ్ జోన్స్ అనగానే అందరూ 1924 నాటి ‘ఇట్ హ్యాడ్ టు బి యూ’ పాట దగ్గరికే పరిగెడతారు. నేనైతే అక్కడ మొదలుపెట్టొద్దంటాను. తర్వాత ఎందరో గాయకులు దాన్ని పాడారు. ఆ గొంతులు చెవిలో ఉన్నంతసేపూ అసలు బ్యాండు చెవికెక్కదు.

ముందు 1921 నాటి ‘వాబాష్ బ్లూస్’ పెట్టండి. బాణీ ఫ్రెడ్ మైన్‌కెన్‌ది, కానీ జోన్స్ పేరు అమెరికా అంతటా మోగింది దీనితోనే. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టండి. అప్పటికి రికార్డింగ్‌కి మైకు రాలేదు. వాయిద్యగాళ్లంతా ఒక గరాటా ముందు గుమిగూడి వాయిస్తే, ఆ శబ్దం అదురే సూదిని కదిపి మైనం మీద గాడి గీసేది. అలాంటి ధ్వని ఒక స్పీకర్‌లోంచి, కాస్త దూరాన్నుంచి వస్తేనే బాగుంటుంది. గరగర పూర్తిగా కడిగేసిన కాపీలు నాకు గిట్టవు, దాంతోపాటు బాంజో తంత్రుల పదునూ పోతుంది.

మొదటిసారి పాదంతో తాళం వేయండి, అంతే. షికాగోలో షెర్మన్ హోటల్ వారి కాలేజ్ ఇన్‌లో జనాన్ని ఆడించిన బ్యాండు ఇది, కూర్చుని విశ్లేషించడానికి పుట్టింది కాదు. రెండోసారి లూయీ పానికో ట్రంపెట్‌ని పట్టుకోండి. ట్రంపెట్ నోటికి మ్యూట్ (శబ్దాన్ని మార్చే మూత) అడ్డం పెట్టి అతను చేసేది ఏడుపో నవ్వో తేల్చుకోలేం. జోన్స్ స్వయంగా శాక్సోఫోన్ వాయించేవాడు, అయినా ఇక్కడ వెలుగంతా పానికోకే వదిలేశాడు. నాయకుడిగా అతని తెలివి అదేననిపిస్తుంది నాకు.

ఇప్పుడు 1924కి రండి. జోన్స్ బాణీలకి గస్ కాన్ సాహిత్యంతో ఆ ఒక్క ఏడాదే ‘ది వన్ ఐ లవ్’, ‘స్పెయిన్’, ‘ఐల్ సీ యూ ఇన్ మై డ్రీమ్స్’ కూడా వచ్చాయి. ఈ చివరిది జోన్స్ రే మిల్లర్ ఆర్కెస్ట్రాతో కలిసి రికార్డు చేశాడు. మాటలు వదిలేసి కోరస్ రాగాన్ని కూనిరాగం తీసి చూడండి. స్వరాలు తక్కువ, ప్రతిదీ తాపీగా నిలుస్తుంది. జతగా అడుగులేసేవాళ్లకి ఆ వ్యవధి కావాలి మరి. ఇదయ్యాక ‘ఇట్ హ్యాడ్ టు బి యూ’ వినండి, కొత్తగా ఉంటుంది. 1924 దాకా విడుదలైన రికార్డింగుల మీద అమెరికాలో హక్కుల గడువు తీరిపోయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతకండి.

ఆ తర్వాత ఒకే అడుగు, కాస్త పెద్దది: 1930 నాటి ‘స్టార్‌డస్ట్’. దాని బాణీ కట్టిన హోగీ కార్మైకేల్ 1927లో రికార్డు చేసినప్పుడు అది హుషారుగా నడిచే బాణీ. రెండూ వెంటవెంటనే పెట్టుకోండి. జోన్స్ బ్యాండు నడక తగ్గించి, వయొలిన్‌ని ముందుకు తెచ్చి, దాన్ని ప్రేమగీతం చేసేసింది. తర్వాతి వాళ్లు ఎక్కువగా ఈ దారే పట్టారు.

1930ల నడిమి రికార్డులు తీరిగ్గా వినొచ్చు. గోర్డన్ జెంకిన్స్ అరేంజ్‌మెంట్లు (ఏ వాయిద్యం ఏది వాయించాలో రాసిపెట్టడం) ఉన్నవి ముందు ఏరుకోండి. 1936లో జోన్స్ తప్పుకున్నాక అతని బ్యాండులోని కొందరు వుడీ హెర్మన్‌ని ముందు పెట్టుకుని కొత్త బ్యాండు కట్టారు, దాని సంగతి ఇంకోసారి.