నీటి చప్పుళ్లకు ఇంగ్లిష్ మాటలు

పిల్లలకు ఈ మాటలు నేర్పాలంటే అర్థాలు బట్టీ పట్టించకండి, చప్పుడు వినిపించండి. శ్రీకాకుళంలో మా అమ్మాయికి ఇలాగే చెప్పాను. నిండు సీసాను బోర్లిస్తే నీళ్లు దిగుతుంటాయి, గాలి లోపలికి చొరబడుతుంటుంది, ఆ బుడబుడే గర్గుల్. పుక్కిలించడాన్ని గార్గుల్ అంటారు, రెండూ కలిపేయొద్దు. నాగావళిలో రాళ్లున్న చోట ఒడ్డునే నిలబడితే గలగల, అది బ్యాబుల్. కాస్త దూరం జరిగితే అదే నీరు మెత్తగా, తెరిపి లేకుండా వినిపిస్తుంది, అది మర్మర్. మనుషుల గుసగుసకూ ఇదే మాట వాడతారు. ట్రికిల్ అంటే ముఖ్యంగా సన్నటి ధార, చప్పుడు కాదు. నీటి చప్పుడు కాకపోయినా, ఉద్దానం వెళ్లినప్పుడు గాలికి కదిలే కొబ్బరాకుల చప్పుడు వినిపించి రసుల్ అని చెప్పండి. స్పెల్లింగులో టీ ఉంటుంది కానీ పలకకూడదు.