పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు, గ్యాస్ బిళ్ళ జేబులో వేసుకునేవాళ్ళకి

ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, ఇంట్లో కొత్తావకాయ జాడీ కూడా సిద్ధం. రిసెప్షన్‌లో రాత్రి పదిన్నరకి తిని, ఇంటికొచ్చి వెంటనే నడుం వాల్చి, అర్ధరాత్రి గొంతులోకి పుల్లగా ఎగదన్నుకొస్తే లేచి కూర్చునేవాళ్ళు మే నెలంతా క్లినిక్‌కి వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే మాట, "గ్యాస్ డాక్టర్ గారూ".

ఆ మాటతోనే తంటా. మనకి కడుపుబ్బరమూ గ్యాసే, పులితేన్పులూ గ్యాసే, ఛాతీ పట్టేసినా గ్యాసే. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గుతున్నా ఈనో తాగి చూద్దాం అనుకోకండి, నేరుగా ఆసుపత్రికెళ్ళి ఈసీజీ తీయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళయితే మరీను. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి ఆగకపోతే అక్కడే ఉండండి, మళ్ళీ తీస్తారు.

తిన్నాక ఛాతీ మధ్యలో మంట, నోట్లోకి పుల్లనీళ్ళు, వంగితే పడుకుంటే ఎక్కువవడం, ఇదీ యాసిడ్ రిఫ్లక్స్. అన్నవాహిక కింద బిగుసుకుని ఉండాల్సిన కండరం వదులైతే కడుపులోది పైకొస్తుంది. చాలామందికి ఎండోస్కోపీ అక్కర్లేదు, లక్షణాలు విని, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ లాంటి మందు 4 నుంచి 8 వారాలు ఇచ్చి చూస్తాం. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, రక్తం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. రక్తపు వాంతి, నల్ల విరేచనం అయితే ఆ రోజే వెళ్ళాలి. ఐరన్ బిళ్ళలకి కూడా విరేచనం నల్లగా అవుతుంది కాబట్టి వేసుకుంటుంటే ఆ సంగతి చెప్పండి.

ఈ పాంటాప్రజోల్ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలన్నది చాలామందికి తెలీదు. పొద్దున టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు, పరగడుపున. విందు తిన్నాక మంట మొదలయ్యాక మింగితే ఆ పూటకి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, అప్పటికి యాంటాసిడ్ సిరప్పే నయం. షాపువాడు ఇచ్చే రెండు మందులు కలిపిన క్యాప్సూల్‌లో చాలాసార్లు డోమ్‌పెరిడోన్ ఉంటుంది, గుండె జబ్బున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. పాంటాప్రజోల్ ఏళ్ళ తరబడి వాడుతుంటే అది ఇంకా అవసరమా అని అడగండి, విటమిన్ బి12 కూడా ఓసారి చూపించుకోండి. ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు మంట ఎగదన్నుతుంది, మందు పనిచేయలేదని కాదు. పెళ్ళి పనుల్లో మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా కొందరికి రిఫ్లక్స్ పెంచుతుంది, అలాగని మీరే మానేయకండి.

ఇక తిండి. ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. ఎవరికి ఏది పడదో వాళ్ళకే తెలుస్తుంది. ఎక్కువమందిని దెబ్బతీసేది ఎంత తిన్నామన్నదీ, ఎప్పుడు తిన్నామన్నదీ. పడుకోవడానికి 3 గంటల ముందే తినేయండి, రిసెప్షన్ ఆలస్యమయ్యేలా ఉంటే ఇంట్లోనే ఏడున్నరకి పెరుగన్నం తిని వెళ్ళి అక్కడ రుచి చూసి వచ్చేయండి. బిగుతు బెల్టు, సిగరెట్, మద్యం, కూల్‌డ్రింక్, ఇవి తెలిసినవే. పొట్ట ఉన్నవాళ్ళు బరువు తగ్గితే వచ్చే తేడా ఏ సిరప్పూ ఇవ్వదు.

రాత్రిపూట మంట వస్తుంటే మంచం తలవైపు కోళ్ళ కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చితే మెడ వంగి పొట్ట నొక్కుకుంటుంది తప్ప లాభం లేదు. కల్యాణ మండపంలో చాప మీద పడుకోవాల్సి వస్తే మంచమెక్కడిది, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి.