నెల్లూరు ఎండల్లో నాలుగు నాలుగుల పరుగు

2007లో నార్వే పరిశోధకుడు యాన్ హెల్గెరూడ్ బృందం 40 మంది యువకులను నాలుగు జట్లు చేసి, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు పరుగెత్తించింది. మొత్తం శ్రమ అన్ని జట్లకూ సమానమే. నిదానంగా, ఎక్కువసేపు పరుగెత్తినవాళ్లకు ఆక్సిజన్ వాడుకునే శక్తి చెప్పుకోదగ్గంత పెరగలేదు. నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు గట్టిగా పరుగెత్తిన జట్టుకు మాత్రం 7.2 శాతం పెరిగింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తోసే రక్తం కూడా వాళ్లకు ఎక్కువైంది.

ముందు మీ లెక్క తేల్చుకోండి. వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా తెలుస్తుంది. నలభై ఏళ్లవారికి నిమిషానికి 180. గట్టిగా పరుగెత్తడమంటే నాడి అందులో 90–95 శాతానికి, అంటే 162–171కి చేరాలి. పది సెకన్లకు 27, 28 సార్లు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని తగ్గించేవి) వేసుకునేవారికి ఈ లెక్క పనికిరాదు. గుండెజబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు తేలిగ్గా. తేలిక అంటే ఆగి కూర్చోవడం కాదు, నాడి గరిష్ఠ వేగంలో 70 శాతం దగ్గర ఉండేలా కదులుతూనే ఉండాలి. ఇలా నాలుగు విడతలు, చివర ఐదు నిమిషాల నడక. కొత్తవాళ్లు రెండు విడతలతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు చేస్తే చాలు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది మొదటి విడతనే. నాడి అనుకున్న చోటికి చేరడానికి రెండు నిమిషాలదాకా పడుతుంది. అది పెరగలేదని ముప్పై సెకన్లకే దౌడు తీస్తే మూడో విడతకు కాళ్లు బిగుసుకుపోతాయి. రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేని ఊపు సరైనది.

రోహిణి కార్తెలో తెల్లవారుజామున ఐదుకే ముగించండి. ఉక్కలో చర్మానికి రక్తం ఎక్కువ పోతుంది కనుక అదే వేగానికి నాడి పైకెక్కుతుంది. వేగం తగ్గించండి, నాడినే నమ్మండి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పొడి ఇసుక పిక్కలను, మడమ వెనక స్నాయువును లాగేస్తుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలు. ఒక విడత అటు, ఒక విడత ఇటు పరుగెత్తితే భారం ఒకే కాలిమీద పడదు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చెమట ఆగి వణుకు వస్తే ఆ క్షణమే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

నాలుగు వారాలకోసారి అదే దారిలో, అదే వేళకు, అదే నాడితో నాలుగు నిమిషాల్లో ఎంత దూరం వెళ్లారో అడుగులతో కొలిచి రాసుకోండి.