బోటు మీద చెయ్యి విరిగితే ముందు వేళ్లు చూడండి

శ్రీకాకుళం తీరంలో భావనపాడైనా బారువైనా ఒకటే తంతు. సముద్రంలో ఎవరికైనా చెయ్యి విరిగిందంటే నలుగురూ కట్టు మీద పడతారు. వేళ్ల వంక ఒక్కడూ చూడడు.

చెయ్యి వంకరగా ఉంది, ముట్టుకుంటే అరుస్తున్నాడు

విరిగిందో బెణికిందో తేల్చే పని బోటు మీద వద్దు, విరిగిందనే అనుకోండి. లాగి సరిచేయకండి. చెయ్యి కదలకుండా దబ్బ (గట్టి ముక్క ఆసరా) కట్టడం మీకు తెలిసిందే: ఐస్ పెట్టె మూత ముక్కో, మడిచిన అట్టో, లోపల మెత్తగా తువ్వాలు. విరిగిన చోటికి పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకూడదు. లుంగీతో జోలె వేసి మెడకు తగిలించి, ఇంకో గుడ్డతో చేతిని ఛాతీకి చుట్టండి. ఆ రెండో చుట్టు మానేస్తే బోటు ఊగినప్పుడల్లా మూలుగుతాడు. మోచెయ్యే విరిగితే వంచకండి, ఉన్నదున్నట్టే కట్టండి.

అన్నిటికంటే ముందు ఉంగరం, వాచీ, మణికట్టు దారం, జబ్బకున్న తాయెత్తు తీసేయండి. దేవుడి దారం కొయ్యడానికి మనోళ్లు జంకుతారు. ఇంటికెళ్లాక కొత్తది కట్టించుకోవచ్చు.

కట్టాక నొప్పి పెరుగుతోంది, వేళ్లు చల్లబడ్డాయి

చాలాసార్లు దీనికి కారణం మన ముడే. వల తాడు లాగిన చేతులకి వదులు ముడి రాదు. పైగా మనం కట్టే వేళకి వాపు ఇంకా మొదట్లోనే ఉంటుంది, గంటల తరబడి పెరుగుతుంది. కట్టు సాగదు, చెయ్యి ఉబ్బుతుంది, మధ్యలో రక్తం ఆగిపోతుంది.

సముద్రం మీద ఇది తేలిగ్గా దొరకదు. తడికీ గాలికీ అందరి వేళ్లూ చల్లగానే ఉంటాయి. ఓ తెల్లవారుజామున రెండు బోట్ల మధ్య మా కుర్రాడి ముంజెయ్యి నలిగింది. నైలాన్ తాడుతో బ్రహ్మాండంగా కట్టాను. "మావా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడు. "చలిరా, ఓర్చుకో" అని గోనె కప్పాను. ఒడ్డున నర్సమ్మ తాడు కత్తిరించాక గోళ్లకి రంగు రావడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి దక్కింది గానీ అది నా గొప్ప కాదు.

కాబట్టి రెండో చేత్తో పోల్చండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. చలైతే రెండు చేతులూ ఒకేలా ఆలస్యం చేస్తాయి, విరిగిన చెయ్యే వెనకబడితే అది కట్టు పనే. వేళ్లు కదపమనండి. కళ్లు మూయించి, ఏ వేలు ముట్టుకున్నారో చెప్పమనండి. కట్టే ముందోసారి, కట్టాకోసారి, తర్వాత పావుగంటకోసారి.

తేడా ఉంటే దబ్బ తీయకుండా ముడులు మాత్రం విప్పి, కింద వేలు దూరేంత వదులుగా మళ్లీ కట్టండి. తాడొద్దు, వెడల్పు గుడ్డ పీలికలు చాలు. విరిగిన చోట మీద ముడి పడకూడదు.

వదులు చేశాక కూడా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి ఉంటే లోపల కండరం వాచి బిగుసుకుపోతోందని అనుమానించండి. ఇక గంటలే లెక్క. వల వదిలేసి ఇంజను ఒడ్డుకి తిప్పండి. చెయ్యి గుండె ఎత్తులోనే ఉంచండి, అంతకన్నా పైకి వద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానెల్, ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554. మీరు చేరేసరికి ఒడ్డున 108 ఉండేలా ముందే చెప్పండి.

ఎముక బయటికొచ్చింది

లోపలికి తొయ్యకండి, ఉప్పునీళ్లతో కడగకండి. శుభ్రమైన గుడ్డ కప్పండి. రక్తం కారుతుంటే ఎముక మీద కాకుండా దాని చుట్టూ అదమండి.

భుజం జారినా, కాలర్ బోన్ (మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక) విరిగినా ఇదే జోలె. గూట్లోకి నెట్టే సాహసాలు వద్దు.

ఒడ్డు కెరటాల దగ్గరికొచ్చాక

నొప్పి తెలీకుండా సారా పోసేవాళ్లుంటారు. ఒక్క గుక్క కూడా వద్దు, కెరటాల్లో బోటు తిరగబడితే అతనికున్నది ఒక్క చెయ్యే. కట్టిన చేతి మీదుగానే లైఫ్ జాకెట్ వేయండి. పడిపోతాడేమోనని బోటుకి కట్టేయకండి, ఈత బాగా వచ్చినోణ్ణి పక్కన కూచోబెట్టండి.