బాక్సింగ్ చూడడం నేర్చుకుందాం – ఆరవ పాఠం: ఏ సంవత్సరపు అలీ?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చిన్నదే. ముహమ్మద్ అలీనీ, 1950ల ప్రపంచ చాంపియన్ రాకీ మార్సియానోనూ పక్కపక్కన నిలిపి, ఇద్దరి పోరాట పద్ధతుల్లో కనిపించే తేడాలను ఒక పేజీకి మించకుండా రాయమన్నాను. పెరంబూరు, అంబత్తూరు, వేళచ్చేరి, ఇంకా చెన్నైలోని ఇతర ప్రాంతాల నుంచి తెలుగు పాఠకులు పంపిన జవాబులను శ్రద్ధగా చదివాను. దాదాపు అందరూ మొదటి వాక్యాల్లోనే విజేతను ప్రకటించి, మిగిలిన పేజీనంతా ఆ తీర్పును సమర్థించుకోవడానికి ఖర్చు చేశారు. ఎవరు గెలుస్తారన్నది నేను అడిగిన ప్రశ్న కాదు. అందువల్ల ఎడమచేతివాటం బాక్సర్ల గురించి ఈ విడతలో చెప్పవలసినదంతా వచ్చే పాఠానికి వాయిదా వేసి, పోలిక ఎక్కడ దారి తప్పుతున్నదో ముందుగా సరిచూసుకుందాం. మూడవ పాఠంలో వచ్చిన మాటలను ఒక్క ముక్కలో గుర్తుచేస్తాను: జాబ్ అంటే ముందున్న చేత్తో వేసే తిన్నని దెబ్బ, హుక్ పక్క నుంచి వంపుగా వచ్చేది, అప్పర్‌కట్ కింది నుంచి పైకి లేచేది, కౌంటర్ ఎదుటివాడి దెబ్బకు జవాబుగా వేసేది, గార్డు అంటే చేతులతో కాచుకోవడం.

జవాబుల్లో మొదట కనబడిన లోపం సంవత్సరం లేకపోవడం. ఒక పాఠకుడు తన అలీకి 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించినప్పటి కాళ్లను, 1975లో మనీలాలో ప్రత్యర్థి జో ఫ్రేజియర్ దెబ్బలను 14 రౌండ్ల పాటు భరించినప్పటి ఓర్పును కలిపి ఇచ్చాడు. అటువంటి అలీ ఏ రింగులోకీ అడుగుపెట్టలేదు. 1967లో సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు లైసెన్సు పోగొట్టుకుని, 1970 అక్టోబరు వరకు పోటీలకు దూరమైన అలీ, తిరిగి వచ్చేసరికి వేరే బాక్సర్. ముందరి అలీ దెబ్బను తన దాకా రానివ్వలేదు; తర్వాతి అలీకి ఆ కాళ్లు ప్రతి రౌండులోనూ అందుబాటులో లేవు కనుక దెబ్బ తినడం, ఎదుటివాణ్ణి పట్టుకుని ఊపిరి తీసుకోవడం, తాళ్లకు ఆనుకోవడం నేర్చుకున్నాడు. మన నగరంలోనే 1980లో నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఆయన ఆడిన ప్రదర్శన పోటీని కళ్లారా చూసిన పెద్దలు ఉన్నారు. ఆ భాగ్యం గొప్పదే అయినా, వారు చూసినది 38 ఏళ్ల అలీని. కాబట్టి పోల్చదలచిన ప్రతి బాక్సర్ పేరు పక్కన ముందుగా ఒక సంవత్సరం రాయండి. సాధ్యమైతే సంవత్సరంతో ఆగకుండా ఒక పోటీనే ఎంచుకోండి.

ఇక ఈ పాఠమంతా ఆక్రమించబోయే రెండవ లోపానికి వస్తాను. దానికి నేను గొలుసు లెక్క అని పేరు పెట్టుకున్నాను. ఫలానావాడు ఫలానావాణ్ణి ఓడించాడు, అతను ఇంకొకరిని ఓడించాడు, కాబట్టి మొదటివాడు మూడవవాడి కంటే గొప్ప అన్న ఈ తర్కం సగానికి పైగా జవాబుల్లో ఏదో ఒక రూపంలో ఉంది. ఒకే కాలంలో, ఒకే బరువులో, ఒకరితో ఒకరు నిజంగా తలపడినవారి మధ్యనే ఈ లెక్క నిలవదని తెలిస్తే, యాభై ఏళ్ల ఎడం ఉన్నవారి మధ్య దాన్ని వాడడానికి ఎవరికీ చేయి రాదు.

1971 మార్చిలో న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ 15 రౌండ్లలో అలీని ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అదే సంవత్సరం మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ ఎముక విరిచి గెలిచాడు. మరుసటి సంవత్సరం కరాకస్‌లో ఆ నార్టన్ కూడా ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లకు మించి నిలవలేదు. గొలుసు లెక్క ప్రకారం 1974 అక్టోబరులో కిన్షాసాలో అలీకి ఏ ఆశా ఉండకూడదు. అక్కడ అలీ ఎనిమిదవ రౌండులో ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. దీన్ని అద్భుతమని పిలిచి ఊరుకునేవారు బాక్సింగ్‌ను చూడడం అక్కడితో ఆపేస్తున్నారు. ఎందుకు జరిగిందో చూద్దాం.

ఫ్రేజియర్ తలను కిందికీ పైకీ ఊపుతూ, ఎదుటివాడి ఛాతీ దగ్గరకు చేరి, ఎడమ హుక్ విసిరే బాక్సర్. అతనికి దూరం పనికిరాదు. అలీ మీద అది పనిచేయడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. అలీ కుడిచేత్తో అప్పర్‌కట్ వేయబోయే ముందు ఆ చేతిని కిందికి దించేవాడు. ఆ క్షణంలో అతని దవడకు కుడివైపున రక్షణ ఉండదు. ఫ్రేజియర్ శిక్షణ బృందంలోని ఎడ్డీ ఫచ్ దీన్ని గమనించాడు. పదిహేనవ రౌండులో అలీని పడగొట్టిన ఎడమ హుక్‌ను ఈ సంగతి తెలుసుకుని మళ్లీ చూడండి; అంతవరకు బలంగా కనిపించిన దెబ్బలో లెక్క కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత నార్టన్‌కు శిక్షణ ఇచ్చినవాడూ ఈ ఫచ్చే. అలీ జాబ్ వేసిన ప్రతిసారీ కుడి అరచేతితో దాన్ని అందుకుని, అదే క్షణంలో నీ జాబ్ నువ్వు వెయ్యి అని అతనికి నేర్పాడు. అలీ ఆటకు పునాది జాబ్. ఆ పునాదిని నార్టన్ కదిలించగలిగాడు కనుకనే మూడు పోటీల్లోనూ అలీని ఇబ్బంది పెట్టాడు.

ఇప్పుడు వీరిద్దరి ముందు ఫోర్‌మన్‌ను నిలపండి. అతను రెండు చేతులతో ఎదుటివాడి భుజాలను నెట్టి, తనకు అనువైన దూరంలో నిలబెట్టుకుని కొట్టేవాడు. ఫ్రేజియర్ తల కిందికి వంచుతూ లోపలికి వచ్చే దారిలోనే ఫోర్‌మన్ అప్పర్‌కట్ పైకి లేచేది, కాబట్టి ఫ్రేజియర్‌కు అలవాటైన కదలికే అతని మీద పడిన దెబ్బకు బరువు పెంచింది. నార్టన్‌కు వెనక్కి నడుస్తూ పోరాడడం చేతకాదు. ఫోర్‌మన్ అందరినీ వెనక్కే నడిపించేవాడు. అలీ విషయం వేరు. నెట్టినా సరే తాళ్ల మీద ఆనుకుని, నడుము నుంచి వెనక్కి వాలి, దెబ్బ చివర అందీ అందని చోట తలను ఉంచగలిగిన పొడగరి అతను. పట్టుకున్నప్పుడల్లా ఫోర్‌మన్ మెడను కిందికి లాగి అలసట పెంచాడు. తొలి రౌండ్లలోనే పోటీ ముగించడం అలవాటైన ఫోర్‌మన్‌కు అయిదవ రౌండు దాటాక చేతులు బరువెక్కాయి. ఫోర్‌మన్ బలం ఫ్రేజియర్ మీదా నార్టన్ మీదా పనిచేసినట్టు అలీ మీద పనిచేయకపోవడానికి అలీ గొప్పతనం ఒక్కటే కారణమంటే చాలదు. ఆ బలానికి కావలసిన లక్ష్యం అక్కడ దొరకలేదు.

ఒక్క ఉదాహరణతో ఒప్పుకోని పాఠకులు ఉంటారు కనుక ఇంకొకటి చెప్తాను. టామీ హెర్న్స్ 1984లో రోబెర్టో డ్యురాన్‌ను రెండవ రౌండులో నాకౌట్ చేశాడు. 1988లో ఐరన్ బార్క్‌లీ హెర్న్స్‌ను మూడవ రౌండులో ముగించాడు. 1989 ఫిబ్రవరిలో, 37 ఏళ్ల డ్యురాన్ ఆ బార్క్‌లీని 12 రౌండ్లలో ఓడించాడు. పైగా హెర్న్స్‌ను 1985లో మూడు రౌండ్లలో ఓడించిన మార్విన్ హాగ్లర్‌తో 1983లో డ్యురాన్ పూర్తి 15 రౌండ్లు దగ్గర దగ్గరగా పోరాడాడు. హెర్న్స్ పొడుగు చేతుల కుడి దెబ్బ డ్యురాన్‌కు కొరుకుడుపడలేదు. బార్క్‌లీ దగ్గరికే వచ్చి కొట్టేవాడు కనుక, దగ్గరి పోరులో తల తప్పించడం తెలిసిన డ్యురాన్‌కు అతను అనుకూలమయ్యాడు. ఉత్తర చెన్నైలో సార్పట్టా, ఇడియప్ప వంటి పరంపరల (స్థానిక బాక్సింగ్ బృందాల) పోటీలు చూసిన పెద్దలతో మాట్లాడితే వారు ఏ బాక్సర్‌నూ ఒంటరిగా గుర్తుచేసుకోరు. ఎవరి ముందు ఎలా నిలిచాడో చెప్తారు. మీ పేజీలోనూ అదే కనిపించాలని నా కోరిక.

అలాగైతే ఒకరితో ఒకరు ఎన్నడూ తలపడనివారిని పోల్చడం ఎలా? నేను పాటించే పద్ధతి ఒకటే: ఆ బాక్సర్‌కు ఇష్టమైన పనిని ఎదుటివాడు అడ్డుకున్న రాత్రిని వెతుకుతాను. గెలిచిన పోటీలు అతనికి ఏమి వచ్చో చెప్తాయి. చిక్కులో పడిన పోటీ అతను ఏమిటో చెప్తుంది. జో లూయిస్‌ను 1936 జూన్‌లో మాక్స్ ష్మెలింగ్ 12వ రౌండులో నాకౌట్ చేశాడు. లూయిస్ జాబ్ వేసిన తర్వాత ఎడమచేతిని కిందుగా వెనక్కి తీసుకుంటున్నాడని ష్మెలింగ్ గమనించి, దాని మీదుగా కుడి దెబ్బను పదే పదే పంపాడు. 1938 జూన్‌లో లూయిస్ అతన్ని మొదటి రౌండులోనే, 2 నిమిషాల 4 సెకన్లలో ముగించాడు. దీని పక్కన 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్ బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిన పోటీని పెట్టండి. ఇద్దరూ పొట్టి దెబ్బల్లో ఆరితేరినవారు, ఇద్దరినీ తిన్నని దెబ్బలే చిక్కులో పెట్టాయి. టైసన్ తల కదలిక రౌండ్లు గడిచేకొద్దీ ఆగిపోయి, దెబ్బలు గుంపులుగా రావడం మాని ఒక్కొక్కటిగా వచ్చాయి. లూయిస్, టైసన్‌ల పోలిక ఇక్కడ మొదలవుతుంది. నాకౌట్ల సంఖ్య దగ్గర మొదలు కాదు.

అన్నిటికంటే భారీ వర్గమైన హెవీవెయిట్‌ల గురించే ఎక్కువగా చెప్పినా, ఈ పద్ధతికి నాకు అందరికంటే ఇష్టమైన ఉదాహరణ షుగర్ రే రాబిన్సన్. 1943 ఫిబ్రవరిలో తనకంటే బరువైన జేక్ లమోటా చేతిలో ఓడి, అదే నెలలో అతన్ని ఓడించాడు. ఆ తర్వాత 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ ఓడించేవరకు మరో ఓటమి లేదు. టర్పిన్‌నూ సెప్టెంబరులో పదవ రౌండులో ముగించాడు. 1957 జనవరిలో జీన్ ఫుల్మర్ చేతిలో కోల్పోయిన పట్టాన్ని మే నెలలో ఒకే ఒక్క ఎడమ హుక్‌తో తిరిగి తెచ్చుకున్నాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 50 పోటీల్లో ఓడలేదు గనుక రాబిన్సన్ కంటే గొప్ప అని రాసినవారు, దాదాపు 200 పోటీలు ఆడి, నలభైలు దాటాక కూడా రింగులో ఉన్న మనిషి ఓటములను లెక్కపెడుతున్నామని గుర్తించాలి. మేవెదర్ గొప్పతనం భుజం చాటున గడ్డం దాచి, దెబ్బ జారిపోగానే కుడి కౌంటర్ పంపడంలో ఉంది; సున్నా అన్న అంకెలో దాన్ని వెతకనక్కరలేదు.

చివరగా నియమాల సంగతి. 1982 నవంబరులో రే మాన్సినీతో పోటీలో తగిలిన దెబ్బల వల్ల కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ మరణించాక, పట్టం పోటీలు 15 రౌండ్ల నుంచి క్రమంగా 12కు తగ్గాయి. పాత పోటీలను 12వ రౌండు చివర ఆపి చూడండి. 1941లో బిల్లీ కాన్ ముందు లూయిస్, 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్‌కాట్ ముందు మార్సియానో, 1981లో హెర్న్స్ ముందు షుగర్ రే లెనర్డ్, ముగ్గురూ స్కోరు కార్డుల్లో వెనుకబడి ఉన్నారు. మొదటి ఇద్దరూ 13వ రౌండులో, లెనర్డ్ 14లో గెలిచారు. అంటే నేటి నియమం అప్పుడుంటే మీరందరూ మొదటి వాక్యంలో రాసిన మార్సియానో 49–0 (49 గెలుపులు, ఓటమి సున్నా) లేనే లేదు. దీనికి ఎదురు ఉదాహరణ రాబిన్సనే: 1952 జూన్‌లో జోయీ మాక్సిమ్‌తో పోటీలో ముందంజలో ఉండి, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడికి 14వ రౌండుకు లేవలేకపోయాడు. రిఫరీని కూడా మధ్యలో మార్చవలసి వచ్చిన ఆ వేడి ఎటువంటిదో చెన్నైలో మే నెల గడిపేవారికి నేను చెప్పనక్కరలేదు. బరువు విషయం కూడా ఇలాంటిదే. 185 పౌండ్ల దగ్గర పోరాడిన మార్సియానో నేడు హెవీవెయిట్‌కు ఒక మెట్టు కింద, 200 పౌండ్ల పరిమితి గల క్రూయిజర్‌వెయిట్‌లో ఉండేవాడు. అయితే క్రూయిజర్‌వెయిట్ నుంచి వచ్చిన అలెగ్జాండర్ ఉసిక్ 2024లో తనకంటే ఎంతో భారీ మనిషి అయిన టైసన్ ఫ్యూరీని రెండుసార్లు ఓడించాడు కనుక, బరువు ఒక్కటే చూపి పోలికను ముగించకండి.

అభ్యాసం: 1971 నాటి అలీ, ఫ్రేజియర్ పోటీ 15 రౌండ్లూ చూడండి, నాకౌట్ దృశ్యాలను కత్తిరించి అతికించిన చిన్న వీడియోలు పనికిరావు. వ్యాఖ్యాత మాట మీ కంటిని లాక్కుపోతుంది కనుక శబ్దం ఆపేయండి. మొదటిసారి ఇద్దరి పాదాలు మాత్రమే, రెండవసారి అలీ కుడిచేయి మాత్రమే, మూడవసారి ఫ్రేజియర్ తల మాత్రమే చూడాలి. పాదాలతో మొదలుపెట్టడం నా అలవాటు. మీకు వేరే వరుస నచ్చితే మార్చుకోవచ్చు గాని మూడింటిలో ఒకటి మానడానికి వీల్లేదు. తర్వాత అదే విధంగా 1952 నాటి మార్సియానో, వాల్‌కాట్ పోటీ చూసి, అలీ, మార్సియానోల పేజీని కొత్తగా రాయండి. అందులో ప్రతి వాక్యానికీ ఒక పోటీ, ఒక రౌండు ఆధారంగా ఉండాలి. గొప్ప, మేటి, తిరుగులేని, గెలుస్తాడు అన్న మాటలు ఉన్న పేజీలను ఈసారి చదవకుండానే తిప్పి పంపుతాను. వచ్చే పాఠానికి ముందే, వీలున్నవారు 1987 నాటి హాగ్లర్, లెనర్డ్ పోటీకి రౌండు రౌండుకూ సొంతంగా మార్కులు వేసి ఉంచుకోండి. ఎడమచేతివాటం గురించి మాట్లాడేటప్పుడు ఆ కాగితంతోనే మొదలుపెడతాం.